పక్కింటి అంకుల్ అడిగిన నూరు గజాలు

మా పక్కింటి అంకుల్ పోయిన సంగతి మాకు వంటింటి కిటికీ అద్దంలోంచి తెలిసింది. కరోనా వచ్చిన ఏడాది, ఏప్రిల్ నెల. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వస్తే ముందు పెరట్లో నిలబడాలి, బూట్లు అక్కడే విడవాలి, స్నానమయ్యేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. అది మా ఇంటి చట్టం. ఆ రోజు అమ్మ బూట్లు విడవలేదు. అద్దం అవతల నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి, "ఆయన పోయాడురా. పొద్దున ఆరింటికి" అంది.

మా నాన్న కెటిల్లో నీళ్ళు పడుతున్నాడు. "ఎవరు?" అన్నాడు.

ఎవరో ఆయనకు తెలుసు. పన్నెండు రోజులుగా మా ఇంట్లో "ఆయన" అంటే ఒక్కరే. అమ్మ పక్కింటి గోడ వైపు ఒకసారి చూసి, వంగి బూటు తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది. కెటిల్ నిండి నీళ్ళు నాన్న చేతి మీదుగా పొర్లుతున్నాయి.

సాయంత్రం నాలుగింటికి, అంకుల్ పనిచేసిన రైల్వే యార్డులోని కార్మిక సంఘం వారు ఇంటర్నెట్‌లో తమ పేజీ మీద సంతాపం ప్రకటించారు. ప్రియ సోదరుణ్ణి కోల్పోయారట. వారి సంఘ కుటుంబంలో ఒక దీపం ఆరిపోయిందట. కింద ఫోటో కూడా వేశారు. ఏదో క్రిస్మస్ పార్టీలో తీసింది. అంకుల్ ఆ పార్టీకి పిలిస్తే వచ్చినవాడు కాదు, పార్టీ అయ్యాక గది తుడవడానికి వచ్చినవాడు. ఆయన చేతిలో ఉన్న తుడుపుకర్రను ఫోటోలోంచి శ్రద్ధగా కత్తిరించారు. కర్ర పోయింది గానీ, వేళ్ళు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి.

మొదట నాకు నవ్వొచ్చింది. నాకు అన్నిటికీ ముందు నవ్వే వస్తుంది, అదొక జబ్బు. ఆ వెంటనే ఫోను బోర్లా పెట్టేశాను. ఎందుకంటే అంకుల్ ఆ సంఘంలో సభ్యుడు కాడు. చేరతానని తొమ్మిదేళ్ళు అడిగాడు. చేర్చుకోలేదు. ప్రాణం పోయిన పది గంటల్లో, దరఖాస్తు కూడా అడక్కుండా చేర్చేసుకున్నారు. 

వారు రాసిన దాంట్లో దీపాలే ఉన్నాయి, మనిషి లేడు. అందుకని పాఠక మహాశయులకు ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

ఆయనది నైజీరియాలోని లాగోస్. మా ఇళ్ళు ఐర్లండ్‌లోని డండాక్‌లో, రైలు పట్టాలకు వీపు ఆనించి ఉంటాయి. రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆయన పోవడానికి ఎనిమిదేళ్ళ ముందు, మేం ఆ ఇంట్లో దిగిన రోజున ఆ గోడ మీదుగా ముందు ఒక గిన్నె వచ్చింది, దాని వెనకాల ఒక నవ్వు వచ్చింది. గిన్నెలో ఎర్రటి అన్నం. అమ్మ బాకీ ఉంచుకునే మనిషి కాదు. మర్నాడు అదే గిన్నెలో గోంగూర పచ్చడి పంపింది, గుంటూరు మిరప్పళ్ళు దట్టించి. ఆ తర్వాత, పాపం ఏమైపోతాడో అని మేం ముగ్గురం కిటికీ దగ్గర కాపలా కాశాం. సాయంత్రం ఆయన ఖాళీ గిన్నె గోడ మీద పెట్టి, జడ్జిగారి మొహంతో అన్నాడు: "మేడమ్, ఇది కారం కాదు. ఇది పలకరింపు. రేపు కారం పంపండి."

ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, లాగోస్ యాసతో. నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి, ఎందుకో.

సొంత దేశంలో ఆయన రైలింజన్ డ్రైవరు. లాగోస్ నుంచి ఉత్తరాన కానో దాకా, నైజర్ నది వంతెన దాటించి, పద్దెనిమిదేళ్ళు రైళ్ళు నడిపాడు. ఇక్కడ రైళ్ళు కడిగాడు. సీట్ల కింద అంటుకున్న చూయింగ్ గమ్ గీకాడు, మరుగుదొడ్లు తోమాడు. ఆ పనికి కూడా నల్లబూట్లు మెరిసేలా పాలిష్ చేసుకుని వెళ్ళేవాడు. "తోమేది దొడ్డే కదా అంకుల్, బూట్లెవరు చూస్తారు?" అని నేను. "రైలు చూస్తుంది" అని ఆయన.

పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉండేవాడు. వెనకాల రైలు పోయేది. తల ఎత్తకుండానే, "మూడో పెట్టె, వెనక చక్రం. ఒక చోట అరిగి చదునైంది. టక్కు, టక్కు. విన్నావా?" అనేవాడు. నాకు గాలి తప్ప ఏమీ వినబడేది కాదు. వారం పది రోజులకు నాన్న భోజనం దగ్గర చెప్పేవాడు, ఫలానా రైలు మూడో పెట్టెకు చక్రం మార్చాలని పక్కన పెట్టారని. నాన్న అదే యార్డులో ఎలక్ట్రిక్ ఫిట్టరు. 

అన్నిటికన్నా ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. పెరట్లో ఉన్నప్పుడు ఏ రైలు పోయినా చెయ్యెత్తేవాడు. టాటా చెప్పినట్టు ఊపడం కాదు. కుడిచెయ్యి నిటారుగా ఎత్తి, చివరి పెట్టె దాటేదాకా అలాగే ఉంచి, దించేవాడు. దారి బాగుంది, వెళ్ళిరా అని వాళ్ళ రైల్వేలో సైగ అట. ఇక్కడి డ్రైవర్లు ఒక్కరూ తిరిగి చెయ్యెత్తగా నేను చూడలేదు.

"వాళ్ళు మీ వంక చూడను కూడా చూడరు అంకుల్."

"వాళ్ళ కోసం కాదు మై సన్. రైలు ఒంటరిగా పోకూడదు."

ఇక సంఘం వారి ఆచారాలు విన్నవిస్తాను. యార్డులో పనులు రెండు రకాలు. రైళ్ళు కడిగేవి ఒకటి. బాగుచేసేవి, కదిలించేవి రెండోది. కదిలించడమంటే పెద్ద ప్రయాణం కాదు. కడిగిన ఖాళీ రైలును షెడ్డులోంచి బయటి లైను మీదికి నడిపి పెట్టడం. షంటింగ్ అంటారు. ఉన్న దూరం నూరు గజాలు. అంకుల్ అడిగింది ఆ పనే. "కానో వద్దు, నది వద్దు. నూరు గజాలు చాలు. చెయ్యి మరిచిపోకుండా ఉంటే చాలు" అనేవాడు.

ఆ నూరు గజాలకు సంఘంలో సభ్యత్వం ఉండాలి. చట్టంలో లేదు, ఆచారంలో ఉంది. ఖాళీ వస్తే సంఘం జాబితాలోంచే మనిషిని తీసుకుంటారు. జాబితాలోకి ఎక్కాలంటే ఒక కాగితం. ఆ కాగితం మీద ఒక సభ్యుడు ప్రతిపాదించి సంతకం పెట్టాలి, ఇంకో సభ్యుడు బలపరిచి సంతకం పెట్టాలి. నెలలో మొదటి గురువారం సాయంత్రం ఒక పబ్బు మేడమీద మీటింగు. అక్కడ కాగితం చదువుతారు, ఉన్నవాళ్ళు చేతులెత్తుతారు, అయిపోయింది. 

మా నాన్నకు ఈ మహాక్రతువు పనిలో చేరిన మూడో వారమే ముగిసింది. ఫోర్‌మన్ ప్రతిపాదించాడు. టీ కోసం వరసలో నిలబడ్డ ఒకాయన, ఒక చేత్తో శాండ్‌విచ్ తింటూనే ఇంకో చేత్తో బలపరిచాడు. ఆ కాగితం మీద వెన్న మరక పడిందని నాన్న ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటాడు.

అంకుల్‌ను మాత్రం ఎవరూ కాదనలేదు. ఇది గమనించాలి. ఈ దేశంలో ఎవరూ ఎవరినీ కాదనరు. ఇక్కడ "గ్రాండ్" అని ఒక మాట ఉంది. బాగుంది, సరే, ఫరవాలేదు, అన్నిటికీ అదే. వానొచ్చినా గ్రాండే, జ్వరమొచ్చినా గ్రాండే. ముఖం మీద తలుపు వేసేటప్పుడు కూడా గ్రాండే, చప్పుడు రాకుండా వేసుకోవచ్చు.

"నువ్వు గ్రాండ్ మనిషివి. కానీ ఈ ఏడాది నేను ఒకణ్ణి బలపరిచేశానే."

"గ్రాండ్, గ్రాండ్. వేసవి పోనీ, చూద్దాం."

"నాకైతే ఏం లేదు. కుర్రాళ్ళే ఒప్పుకోరు."

ఆ కుర్రాళ్ళెవరో కనుక్కుందామని అంకుల్ ఒక్కొక్కరినీ అడిగాడు. అందరూ గ్రాండ్ మనుషులే. ప్రతి ఒక్కడూ మిగతావాళ్ళే కుర్రాళ్ళన్నాడు. కడిగేవాళ్ళలో పోలండ్ నుంచి వచ్చినవాడు ఒకడుండేవాడు. ఆరు నెలల్లో సభ్యుడై షంటింగ్‌కు వెళ్ళిపోయాడు. తడి పట్టాల మీద బ్రేకు ఎంత మెల్లిగా పట్టాలో వాడికి నేర్పింది మన అంకులే. షెడ్డులో నేల మీద సుద్దముక్కతో గీసి మరీ నేర్పాడట.

యార్డులో టీ గదులు కూడా రెండు. మేడమీద గదిలో సోఫా, టీవీ. కిందిది ఫినాయిలు డబ్బాల గది పక్కన, ఒక బల్ల, ఒక కెటిల్. "నల్లవాళ్ళకు ప్రవేశం లేదు" అని బోర్డు ఎక్కడా లేదు. అవసరం పడలేదు. నాన్న రోజూ అంకుల్‌ను తన కారులోనే యార్డుకు తీసుకెళ్ళేవాడు. ముప్పావుగంట ప్రయాణం, ఇద్దరూ కలిసి రేడియోతో వాదించుకుంటూ వెళ్ళేవాళ్ళు. గేటు దాటాక నాన్న మేడెక్కేవాడు, అంకుల్ ఫినాయిలు వైపు తిరిగేవాడు. సాయంత్రం మళ్ళీ ఒకే కారు.

ఆయన పోవడానికి నాలుగేళ్ళ ముందు ఒక ముసలి ఐరిష్ ఫిట్టరు, రిటైరయ్యే రోజున, చివరి టీ తాగడానికి మేడ దిగి ఫినాయిలు గదికి వచ్చాడట. "ఇది నేను ఎప్పుడో చెయ్యాల్సింది" అని జేబులోంచి సభ్యత్వం కాగితం తీసి, ప్రతిపాదించినవారు అన్నచోట సంతకం పెట్టి, తేదీ వేసి, వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన ధైర్యమంతా ఆఖరి పావుగంటకు దాచుకున్నాడు. అయినా సరే, దాచుకున్నది వాడుకున్నాడు. వాడకుండా వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ.

అంకుల్ ఆ కాగితాన్ని ఒక బిస్కట్ల డబ్బాతో సహా మా ఇంటికి తెచ్చాడు. నేనప్పుడు కాలేజీ మొదటి ఏడాది. "నీ అక్షరాలు గవర్నమెంటు అక్షరాల్లా ఉంటాయి, నువ్వు నింపు" అన్నాడు. పేరు, చిరునామా, పాత అనుభవం, అన్నీ ఒత్తి ఒత్తి నింపాను. అనుభవం అన్నచోట "రైలు డ్రైవరు, పద్దెనిమిదేళ్ళు" అని రాస్తుంటే ఆయన వంగి, ఆ గీత మీద నీడ పడకుండా పక్కకు జరిగి చూశాడు. మిగిలింది ఒక్క గీత. బలపరిచినవారు.

నాన్నను సంతకం పెట్టమని ఆయన అడగలేదు. అడగడం ఆయన పద్ధతి కాదు. "బ్రదర్, తీరిక చూసుకుని ఒకసారి చూడండి" అన్నాడు. ఇద్దరూ ఆదివారం ఒకే ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు, ఒకరినొకరు బ్రదర్ అనే పిలుచుకునేవాళ్ళు.

"తప్పకుండా బ్రదర్" అన్నాడు నాన్న.

ఆయన గుమ్మం దాటాక నాన్న ఆ కాగితాన్ని బిస్కట్ల డబ్బా కింద పెట్టి, డబ్బాను వంటింట్లో ప్రెస్ మీద పెట్టాడు. అలమరాను ఇక్కడ ప్రెస్ అంటారు. మా ప్రెస్ మీదికి వెళ్ళినవి తిరిగి రావడం అరుదు. ఇడ్లీ పాత్ర, పాత రౌటరు, మా నాన్న మాట.

అమ్మ వారం రోజులు చూసి అడిగింది. నేను హాల్లో చదువుకుంటున్నట్టు నటిస్తున్నాను.

"ఆ కాయితం సంగతేంది?"

"చూస్తాలే."

"చూసేదేముంది అందులో? సంతకమేగా."

"నీకు తెలవదు ఊరుకో. మనమే నిన్నగాక మొన్నొచ్చినోళ్ళం. ఆయన పక్కన నా పేరు రాస్తే రేపట్నించి నన్ను గూడా ఆ లెక్కనే చూస్తారు. ఇప్పుడు మేడ మీద కూర్చోనిస్తన్నారు. మళ్ళీ కిందికి పొమ్మంటావా?"

"ప్రార్థనలో బ్రదర్ బ్రదరంటా చేతులు పట్టుకుంటావు గదయ్యా."

"ప్రార్థన వేరు, యార్డు వేరు."

దేవుడు ఈ వాక్యం విన్నాడో లేదో తెలియదు. నేను విన్నాను.

ఆ మాటకొస్తే మన పరువు కూడా కొంచెం తీసుకోవాలి. డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేరు ఆఫీసుల దగ్గర ఉండే ఒక ఆంటీ మా ఇంటికి భోజనానికి వచ్చి, కిటికీలోంచి అంకుల్‌ను చూసి, గొంతు తగ్గించి, "నల్లోళ్ళతో మరీ అంత పూసుకోకండి అండీ, మనక్కూడా ఆ పేరొస్తుంది" అంది. ఆ ఆంటీ బ్యాగులో తెల్లబడే క్రీము ట్యూబు ఉందని నాకు తెలుసు, లిప్‌స్టిక్ కోసం వెతుకుతూ బల్ల మీద పెట్టింది. అమ్మ ఆవిడకు రెండోసారి పెరుగు వెయ్యలేదు. మా ఇంట్లో అంతకు మించిన శిక్ష లేదు.

మరి నేను? నేను జోకర్ని కదా. డబ్లిన్‌లో తెలుగువాళ్ళ ఉగాది సభలో ఒక నాటిక వేశాను. బకెట్టు పట్టుకుని, కాలు ఈడుస్తూ, లాగోస్ యాసలో మాట్లాడుతూ స్టేజీ అంతా తిరిగాను. హాలంతా పడీపడీ నవ్వింది. అమ్మ పిలవగా వచ్చి అంకుల్ కూడా ముందు వరసలో కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మర్నాడు గోడ దగ్గర అన్నాడు: "బాగా నడిచావు. ఒక్క తప్పు. నేను ఈడ్చేది ఎడమకాలు. ఇంజను దిగుతుంటే విరిగింది. నువ్వు కుడికాలు ఈడ్చావు."

అంతే. కోపం లేదు. వెక్కిరించినవాడి తప్పు దిద్ది, పచ్చడి గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు నుంచి యాసలతో నవ్వించడం మానేశాను అని రాస్తే ఈ వ్యాసం అందంగా ఉంటుంది. మానలేదు. ఆయన యాస ఒక్కటే మానేశాను.

ప్రెస్ మీది కాగితం గురించి కూడా నేను చేసింది జోకులే. "నాన్నా, నీ సంతకాన్ని పురావస్తుశాఖ వాళ్ళేమైనా తవ్వుకుపోయారా?" అనేవాణ్ణి. నాన్న నవ్వేవాడు, నేను నవ్వేవాణ్ణి, డబ్బాలోంచి ఒక బిస్కట్టు తీసుకునేవాణ్ణి. డబ్బా ఎత్తినప్పుడల్లా కింద కాగితం కనబడేది. అంకుల్ మళ్ళీ ఎన్నడూ దాని ఊసెత్తలేదు. నెల నెలా మొదటి గురువారం సాయంత్రం మాత్రం గోడ దగ్గర నిలబడి ఉండేవాడు.

"మీటింగుకేనా బ్రదర్?"

"అవును బ్రదర్."

"మంచిది. వెళ్ళిరండి."

నాన్న కారు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి పోయేవాడు. నాలుగేళ్ళు. నెలకొకటి చొప్పున ఎన్ని గురువారాలో మీరే లెక్కవేసుకోండి, నాకు రోత పుడుతుంది.

కరోనా వచ్చాక రైళ్ళు ఖాళీగా తిరిగాయి. సంఘం వారు గట్టిగా పోరాడి సభ్యులకు వారం విడిచి వారం పని ఇప్పించారు. మంచి పనే. ఒక్కో సభ్యుడికీ మాస్కుల పెట్టె ఇప్పించారు. అదీ మంచి పనే. కడిగేవాళ్ళు సభ్యులు కారు కనుక రోజూ వెళ్ళారు. ఎవరు దగ్గారో, ఎక్కడ చెయ్యి పెట్టారో తెలియని పెట్టెలను, ఎవరి ముఖాలకు మాస్కు లేదో ఆ మనుషులే తుడిచారు. నాన్న ఇంట్లో ఉన్న వారాల్లో అంకుల్ బస్సెక్కి వెళ్ళేవాడు. నాన్న తన పెట్టెలోంచి పది మాస్కులు తీసి గోడ మీదుగా ఇచ్చాడు. ఇచ్చాడు, అబద్ధం చెప్పను. మాస్కులు ఆ గోడ దాటగలిగాయి. మూడో వారం అంకుల్‌కు దగ్గు మొదలైంది. అంబులెన్సు వచ్చిన రోజున కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కిస్తుంటే బెల్‌ఫాస్ట్ రైలు పోయింది. దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికి లాగబోయాడు. బెల్టు అడ్డం వచ్చింది.

పోయిన రోజు సాయంత్రం, ఆ సంతాపం చదివాక, నాన్న వంటింటి బల్ల దగ్గర కూర్చుని తనంతట తానే అన్నాడు.

"ఒకసారి తీసకపోయాన్రా ఆ కాయితం. మీటింగుకి. కోటు లోపలి జేబులో పెట్టుకుని."

"మరి మాతో జాబితా మూసేశారని చెప్పావు?" అన్నాను.

"ఎవరూ మూయలా. అన్నీ అయినాక సెక్రటరీ ఇంకెవరిదన్నా ఉందా అనడిగాడు. నా వంకే చూశాడు గూడా. నేను బూట్లు చూసుకున్నా."

అమ్మ అన్నం గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరికీ వడ్డించలేదు.

మర్నాడు మధ్యాహ్నం బ్రాంచి సెక్రటరీ స్వయంగా వేంచేశాడు. గుండ్రని మనిషి, ముఖానికి సంఘం ముద్ర వేసిన మాస్కు, చేతిలో సూపర్‌మార్కెట్ సంచీలో మడతపెట్టిన సంఘం జెండా. నాన్న పక్కింటివాడు, పైగా సభ్యుడు కనుక తోడు రమ్మన్నాడు. అంకుల్ భార్యను మేం ఆంటీ అంటాం. వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, మాట తక్కువ. ఇల్లు కదలకూడని పద్నాలుగు రోజులూ అప్పుడే ముగిశాయి. గుమ్మంలో నిలబడింది. సెక్రటరీ గేటు దగ్గర ఆగాడు. నేను వీధి వైపు దాకా వచ్చే ఆ నడుమెత్తు గోడ మీద మోచేతులు పెట్టుకుని, అంటే రహస్యంగా ఏమీ కాదు, బాహాటంగా వింటున్నాను.

"చర్చిలోకి పదిమందికే అనుమతి కదా అమ్మా. అందుకని మా సభ్యులందరం రోడ్డుకు రెండు వైపులా నిలబడదామని. పసుపు జాకెట్లతో. దూరం దూరంగా, అంతా పద్ధతిగా. శవపెట్టె మీద ఈ జెండా కప్పుదామని. మన సోదరుడికి అది గౌరవం."

ఆంటీ విన్నది. జెండా సంచీ వైపు చూసింది. 

"ఆయన సభ్యత్వం నంబరు ఎంత?" అంది.

"అయ్యో, ఇలాంటి సమయంలో అవన్నీ..."

"నాకు రాయాలి. చర్చిలో ఆయన గురించి చదివే కాగితంలో."

సెక్రటరీ నాన్న వంక చూశాడు. నాన్న బూట్లు చూసుకున్నాడు.

నా జీవితంలో నేను జోకు వెయ్యకుండా చేసిన పనులు తక్కువ. లోపలికి వెళ్ళాను. ప్రెస్ మీది డబ్బా ఎత్తాను. బిస్కట్లు ఎప్పుడో అయిపోయాయి, తేలిగ్గా వచ్చింది. కాగితం మీద డబ్బా అడుగు గుండ్రంగా ముద్ర పడింది. తెచ్చి రెండు ఇళ్ళ మధ్య గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా పచ్చడి గిన్నె పెట్టాను.

నాన్న వచ్చి దాన్ని చూశాడు. నన్ను తిట్టలేదు. "పెన్నుందా?" అన్నాడు. ఇచ్చాను. గోడ గరుకుగా ఉంది, సంతకం వంకరగా వచ్చింది. తేదీ దగ్గర ఆగాడు. ఏ తేదీ వెయ్యాలో తెలియక పెన్ను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆ రోజు తేదీయే వేశాడు.

"ఆహా, ఎంత మంచి మనసు! గ్రాండ్" అన్నాడు సెక్రటరీ.

ఆ మాట నా చెవిలో బొద్దింకలా పాకింది. ఇప్పటికీ పాకుతూనే ఉంది.

ఆంటీ వచ్చి కాగితం తీసుకుంది. మొదటినుంచి చివరిదాకా చదివింది. నా గవర్నమెంటు అక్షరాల మీద వేలు పెట్టి "పద్దెనిమిదేళ్ళు" దగ్గర ఆగింది. ముసలాయన సంతకం చూసింది. నాన్న సంతకం చూసింది. నాన్న ఏదో అనబోయాడు. "సిస్టర్..."

ఆవిడ ఆయన వంక చూడకుండా సెక్రటరీతో అంది: "రెండు సంతకాలూ ఉన్నాయి. తర్వాత చేతులెత్తాలి కదా? మా ఆయన నాకు చెప్పాడు. జెండా మీ దగ్గరే ఉండనివ్వండి. రోడ్డు మీద నిలబడతారా, నిలబడండి. రోడ్డు నాది కాదు. బండి వచ్చినప్పుడు చేతులెత్తండి. నేను చూస్తాను."

"తప్పకుండా, తప్పకుండా" అన్నాడు సెక్రటరీ.

ఆ "తప్పకుండా" ఎక్కడో విన్నట్టనిపించింది నాకు.

శుక్రవారం పొద్దున సన్నటి వాన. మా వీధి మొదలు నుంచి మలుపు దాకా పసుపు జాకెట్లు, రెండేసి మీటర్ల దూరంలో. నూరు గజాలుంటుంది, నేను అడుగులతో కొలిచాను. పోలండ్ నుంచి వచ్చినవాడున్నాడు. శాండ్‌విచ్‌తో బలపరిచినాయన ఉన్నాడు. నాన్న చివర్న, మలుపుకు దగ్గరగా నిలబడ్డాడు. అమ్మా నేనూ మా గేటు దగ్గర.

నల్ల బండి మెల్లిగా వచ్చింది. అంత మెల్లిగా, తడి పట్టాల మీద బ్రేకు తెలిసినవాడు నడిపినట్టు వచ్చింది. వెనకాల కారులో ఆంటీ, కిటికీ అద్దం పూర్తిగా దించి, వాన లోపలికి పడుతున్నా సరే, ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వస్తోంది.

టోపీలు తీశారు. తలలు వంచారు. ఒకరిద్దరు శిలువ గుర్తు వేసుకున్నారు. చేతులు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు. అందరికీ గుర్తుంది, నాకు తెలుసు, ఒక్కొక్కడూ పక్కవాడి భుజం వైపు ఓరగా చూస్తున్నాడు. ముందు ఎవరు ఎత్తుతారా అని. కుర్రాళ్ళు ఒప్పుకుంటారా అని.

కారు సగం వీధి దాటింది. అప్పుడు ఆంటీ కిటికీలోంచి తన కుడిచెయ్యి బయటికి పెట్టి, నిటారుగా పైకెత్తింది. ఊపలేదు. ఎత్తి అలాగే ఉంచింది. ఎవరికి, ఎందుకు అని వాళ్ళకు తెలియదు. అమ్మ చెయ్యి లేచింది, నాదీ లేచింది. పసుపు జాకెట్లన్నీ వానలో మెరుస్తూ నిలబడ్డాయి. ఆ చెయ్యి వాళ్ళందరి ముందు నుంచీ, నాన్న ముందు నుంచీ వెళ్ళి, మలుపు తిరిగింది.

జాకెట్లు విడిపోయాయి. కార్ల తలుపులు పడ్డాయి. ఎవరో ఎవరితోనో బాగా జరిగింది, గ్రాండ్‌గా జరిగింది అన్నారు.

నాన్న మాత్రం మలుపు దగ్గరే ఉన్నాడు. వీధి ఖాళీ అయ్యాక, ఆయన చెయ్యి లేచింది. భుజం దాకా వచ్చి ఒకసారి ఆగి, తర్వాత పూర్తిగా లేచింది. పసుపు జాకెట్టు చేతి అంచు నుంచి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. ఎదురుగా తడి రోడ్డు తప్ప ఏమీ లేదు. లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేరు, చాలు దించండి అనేవాళ్ళూ లేరు.